స్టర్జన్‌ను చూసి మంచినీటి చేపల పుట్టుక చెప్పగలమా?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ఒంటిమీద ఎముక పెంకులుండే స్టర్జన్ అనే చేప 20 కోట్ల ఏళ్లుగా మారలేదంటారు కదా, తొలి మంచినీటి చేపలు ఎలా ఉండేవో దాన్ని చూసి ఊహించవచ్చా అన్నది మొదటిది. చేపలు పుట్టింది నదుల్లోనా సముద్రంలోనా అన్నది రెండోది. రాతిలో ఒక స్టర్జన్ పెంకు దొరికితే ఆ రాయి నది అడుగున ఏర్పడిందని తేల్చేయవచ్చా అన్నది మూడోది. ఊహించలేం, సముద్రంలోనే, తేల్చలేం. జవాబులు ఇంతే. కానీ ఇవి ఎందుకిలా వచ్చాయో తెలియకపోతే వీటివల్ల పెద్ద లాభం లేదు. శిలాజ చేపల మధ్య చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మనిషిగా నాకు తోచిన వరుసలో చెబుతాను. అది మీరు అడిగిన వరుస కాకపోవచ్చు.

చాలామంది పప్పులో కాలేసే చోటు నుంచి మొదలుపెడదాం. కిరణాల రెక్కలున్న ఎముక చేపల్లో, అంటే సన్నటి ముళ్లు రెక్కలను నిలబెట్టే చేపల్లో, బాగా పాత శాఖలు ఈరోజు నాలుగైదే మిగిలాయి. ఆఫ్రికా నదుల్లో బిచిర్, ఉత్తరార్ధగోళంలో స్టర్జన్, దాని దగ్గరి చుట్టం పాడిల్‌ఫిష్, ఉత్తర, మధ్య అమెరికాల్లో గార్, బోఫిన్. ఇవన్నీ మంచినీళ్లలోనే ఉండేవి, లేదా కనీసం గుడ్లు పెట్టడానికైనా మంచినీళ్లకు రావాల్సినవి. పాత శాఖలన్నీ మంచినీళ్లలో కనిపిస్తున్నాయి కాబట్టి వాటి మూలపురుషుడూ అక్కడివాడే అనుకోవడం సహజం. 2012లో గ్రేటా కారెటే వేగా, జాన్ వీన్స్ ప్రధానంగా బతికున్న జాతుల వంశవృక్షం ఆధారంగా ఇంచుమించు ఇదే చెప్పారు. నేటి సముద్రాల్లోని కిరణరెక్కల చేపల్లో అత్యధికం మంచినీటి పూర్వీకుల సంతతేనన్నారు. 2015లో రికార్డో బెతాన్‌కూర్, గిలెర్మో ఓర్తి, అలెక్స్ పైరన్ అదే లెక్కలోకి శిలాజాలను కూడా చేర్చారు. జవాబు తలకిందులైంది. పూర్వీకులు సముద్రంవాళ్లేనని, ఆ సముద్రపు శాఖలు అంతరించిపోవడం వల్ల ఆ చరిత్ర చెరిగిపోయిందని తేలింది.

ఒక పెద్ద కుటుంబంలో పట్నంలో స్థిరపడ్డ అన్నదమ్ముల వంశాలన్నీ అంతరించి, పల్లెకు వెళ్లిన ఒక్క తమ్ముడి మనవలే మిగిలారనుకోండి. కొత్తగా వచ్చినవాడు ఆ ఇంటివాళ్లది మొదటి నుంచీ పల్లెటూరే అనుకుంటాడు. బతికున్నవాళ్లను మాత్రమే అడిగితే వచ్చే జవాబు అలాగే ఉంటుంది. స్టర్జన్ విషయంలో చనిపోయినవాళ్ల సాక్ష్యం కూడా మన దగ్గరుంది. అందుకే ఈ చేపంటే నాకు ఇష్టం.

స్టర్జన్లు, పాడిల్‌ఫిష్‌లు, వాటి అంతరించిన బంధువులు కలిసిన పెద్ద వర్గాన్ని స్టర్జన్ల క్రమం అంటారు. ఆ క్రమానికి చెందినవని అందరూ ఒప్పుకునే తొలి శిలాజాలు జురాసిక్ యుగం (సుమారు 20 నుంచి 14.5 కోట్ల ఏళ్ల కిందట) మొదట్లోవి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ దగ్గర లయాస్ అనే రాతి పొరల్లో కాండ్రోస్టియస్ దొరుకుతుంది. దాని వయసు 19 కోట్ల ఏళ్లకు పైమాటే. సముద్ర సరీసృపాలైన ఇక్థియోసార్లు, ప్లీసియోసార్లు, చుట్ట తిరిగిన గవ్వలుండే అమ్మోనైట్లు దొరికే పొరలే అవి, అంటే నికార్సయిన సముద్రపు అడుగు. కొంచెం తర్వాతి కాలపు పొరల్లో, ఇంగ్లండ్‌లోని విట్బీ దగ్గర జైరోస్టియస్ ఉంది. దొరికినవి ఎక్కువగా విడి ఎముకలే అయినా, అది 6 మీటర్లకు పైబడి ఉండవచ్చని అంచనా. జర్మనీలోని హోల్జ్‌మాడెన్ నల్లరాతి పలకల్లో స్ట్రాంగిలోస్టియస్ దొరికింది. అదీ సముద్రమే. అంటే ఈ వంశం గురించి మనకున్న అతి పాత రుజువులన్నీ ఉప్పునీళ్ల నుంచి వచ్చినవి. చైనాలోని ఇయోకాండ్రోస్టియస్ వీటికన్నా పాతదన్న వాదన ఒకటుంది గానీ, దాన్ని ఈ క్రమంలో చేర్చాలా వద్దా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అందుకే దానిమీద ఏమీ కట్టను.

ఈ జురాసిక్ చేపలు మీరు ఫొటోల్లో చూసే స్టర్జన్లలా ఉండవని కూడా గమనించాలి. ఇవాళ్టి స్టర్జన్ ఒంటిమీద ఐదు వరుసల ఎముక పెంకులుంటాయి. వీపున ఒకటి, పక్కలకు రెండు, పొట్టవైపు రెండు. కాండ్రోస్టియస్‌కు ఆ వరుసలు లేవు, ఒళ్లు దాదాపు నగ్నంగా ఉంటుంది. ఒకవైపే పొడుగ్గా పైకి సాగిన తోక, బలహీనమైన ఎముకలు, పుర్రెకు గట్టిగా అతుక్కోకుండా కిందికి జారే దవడ లాంటివి చూసి అది బంధువని గుర్తుపడతాం. పెంకులున్న అసలు స్టర్జన్ల కుటుంబం ఆనవాళ్లు స్పష్టంగా కనిపించేది క్రెటేషియస్ యుగం (సుమారు 14.5 నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందట) చివరి భాగంలో, ముఖ్యంగా ఉత్తర అమెరికా, మధ్య ఆసియా రాళ్లలో. కాబట్టి 20 కోట్ల ఏళ్ల పాత చేప అన్నమాట క్రమానికి వర్తిస్తుంది. మనం చూస్తున్న రూపానికి వర్తించదు. ఆ రూపం వయసు అందులో దాదాపు సగమే.

ఇక్కడే ఒక అపోహ సంగతి కూడా చూద్దాం. స్టర్జన్ అస్థిపంజరం చాలావరకు మృదులాస్థి. వెన్నుపూసలకు గట్టి నడిమి భాగాలుండవు, మిగతా చేపల్లో పిండదశ తర్వాత వెన్నుపూసలకు చోటిచ్చే పృష్ఠవంశం అనే మెత్తటి కడ్డీ దీనిలో జీవితాంతం నిలిచి ఉంటుంది. దీన్ని చూసి ఇది సొరచేపలకూ ఎముక చేపలకూ మధ్య మెట్టు అనుకుంటారు. జీవుల వర్గీకరణకు బాటవేసిన లినేయస్ అంతటివాడే 1758లో దీన్ని సొరచేపలు, టేకులు, దవడల్లేని లాంప్రేలతో కలిపి ఒకే గంపలో వేశాడు, అదీ ఉభయచరాల విభాగంలో. శిలాజాలు చెప్పే కథ దీనికి వ్యతిరేకం. డివోనియన్ యుగం (సుమారు 42 నుంచి 36 కోట్ల ఏళ్ల కిందట) నాటి కైరోలెపిస్ లాంటి తొలి కిరణరెక్కల చేపలకు ఎముకలూ ఉన్నాయి, ఒంటినిండా పొలుసులూ ఉన్నాయి. స్టర్జన్ వంశం ఆ ఎముకను తర్వాత వదిలేసుకుంది. ఇది తొలి చేప లక్షణం కాదు, చాలా కాలం తర్వాత వచ్చిన మార్పు. తొలి మంచినీటి చేపలను ఊహించడానికి స్టర్జన్ పనికిరాదని నేననడానికి ఇదొక కారణం.

మృదులాస్థి త్వరగా కుళ్లిపోతుంది కాబట్టి స్టర్జన్ శిలాజాల్లో ఎక్కువ భాగం విడి పెంకులు, రెక్క ముల్లు ముక్కలు, పుర్రె పలకలే. ఆ చిన్న ముక్కలను పట్టుకుని ఫలానా జాతి అని పేర్లు పెట్టే ఉత్సాహం పాతకాలంలో ఎక్కువగా ఉండేది. అలాంటి పేర్లలో చాలావాటిని నేను లెక్కలోకి తీసుకోను. ఒకే చేప ఒంటిమీద కూడా వీపు పెంకుకూ పక్క పెంకుకూ పోలిక ఉండదు. మొత్తం చేప దొరికిన చోట్లే నమ్మదగ్గవి.

అలాంటి చోట్లలో గొప్పది ఈశాన్య చైనాలోని లియావోనింగ్ ప్రాంతం. క్రెటేషియస్ మొదట్లో, సుమారు 12 నుంచి 13 కోట్ల ఏళ్ల కిందట, అక్కడ అగ్నిపర్వతాల మధ్య సరస్సులుండేవి. ఈకల డైనోసార్లు దొరికిన పొరలే ఇవి. వాటిలో పీపియావోస్టియస్, యానోస్టియస్ అనే పొలుసుల్లేని స్టర్జన్ బంధువులు సంపూర్ణంగా దొరికాయి. ప్రోటోసెఫ్యూరస్ అనే తొలి పాడిల్‌ఫిష్ కూడా అక్కడిదే. పాడిల్‌ఫిష్ అప్పటికే వేరుపడి ఉందంటే స్టర్జన్‌తో దాని విడాకులు అంతకన్నా పాతవన్నమాట. ఈ సరస్సుల్లో లైకోప్టెరా అనే చిన్న టెలియోస్ట్ చేపలు (నేటి చేపల్లో అత్యధికం ఉన్న వర్గం) గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. జురాసిక్‌లో యూరప్ సముద్రాల్లో ఉన్న వంశం క్రెటేషియస్ నాటికి ఆసియా సరస్సుల్లో స్థిరపడింది. మధ్యలో ఏ దారిన వచ్చిందో చూపే శిలాజాలు చాలా తక్కువ. అయినా వచ్చిన దిశ మాత్రం ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లకే కనిపిస్తోంది.

ఈ క్రమం మొత్తానికీ మరో విశేషముంది. బతికున్నవన్నీ ఉత్తరార్ధగోళంలోనే ఉన్నాయి, శిలాజాలు కూడా దాదాపు అన్నీ అక్కడివే. మొరాకో ఫాస్ఫేట్ పొరల నుంచి, క్రెటేషియస్ చివరి కాలానికి చెందిన ఒక స్టర్జన్ ముక్కను 2023లో వర్ణించారు. ఆఫ్రికాలో అదే మొదటిది. అవి సముద్రపు పొరలు. ఒక్క ముక్కను బట్టి ఆఫ్రికా నదుల్లో స్టర్జన్లుండేవని అనలేం. సముద్రంలో దూరం ఈది వచ్చినదై ఉండవచ్చు.

ఇప్పుడు టానిస్. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అమెరికాలోని ఉత్తర డకోటాలో, హెల్ క్రీక్ పొరల్లో ఉన్న చోటు ఇది. 6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికోలోని చిక్షులుబ్ దగ్గర గ్రహశకలం పడింది. టానిస్ అక్కడికి సుమారు 3,000 కిలోమీటర్ల దూరం. ఢీకొన్న కుదుపు భూకంప తరంగాలుగా పది నిమిషాల అటూఇటూలో ఇక్కడికి చేరి, నీళ్లను ఒడ్ల మధ్య ఊపి, నది పైకి ఎగదోసిందని 2019లో వచ్చిన వ్యాసం ప్రతిపాదించింది. ఆ నీళ్లలో కొట్టుకొచ్చిన స్టర్జన్లూ పాడిల్‌ఫిష్‌లూ ఒకదానిమీద ఒకటి పడి, బురదలో కప్పబడిపోయాయి. వాటి మొప్పల్లో సన్నటి గాజు గోళీలు ఇరుక్కుని ఉన్నాయి. గ్రహశకలం తాకిడికి కరిగి ఎగసిన రాయి గాల్లో గడ్డకట్టి, ఆకాశం నుంచి రాలినవే ఆ గోళీలు. 2022లో మెలనీ డ్యూరింగ్ బృందం ఆరు చేపల ఎముకల్లోని పెరుగుదల గీతలను పరిశీలించింది. చెట్టు కాండంలో వలయాలున్నట్టే చేప ఎముకలోనూ రుతువులను బట్టి గీతలు పడతాయి. అవి మళ్లీ పెరగడం మొదలైన దశలో ఆగిపోయాయి, అంటే ఆ చేపలు వసంతంలో చచ్చాయి. భూమి చరిత్రలోని ఒక పెను వినాశనం ఏ రుతువులో జరిగిందో చేప దవడ చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అక్కడి స్టర్జన్లలో రెండు కొత్త జాతులను 2023లో వర్ణించారు. అసిపెన్సర్ ప్రిపరేటోరమ్ ఒకటి, అసిపెన్సర్ ఆమ్నిసిన్ఫెరోస్ రెండోది. పేరు చూడండి, ఇవాళ నదుల్లో ఈదుతున్న స్టర్జన్ల ప్రజాతి పేరే వాటికీ పెట్టారు.

అదే టానిస్ పొరల్లో సముద్ర జీవులైన అమ్మోనైట్ల ముక్కలు కూడా ఉన్నాయి. నది చేపా, సముద్రపు గవ్వా, అడవి చెట్టు దుంగా ఒకే బురదలో కలిసి ఉన్నాయి. ఏదో ఒక్కటే చూసినవాడు ఇది సముద్రమంటాడు, ఇంకొకటి చూసినవాడు నది అంటాడు. మామూలు వరదలో కూడా చిన్న స్థాయిలో ఇదే జరుగుతుంది. రాయి చెప్పేది ఆ జీవి ఎక్కడ పూడుకుపోయిందో మాత్రమే. ఎక్కడ బతికిందో చెప్పదు.

స్టర్జన్ విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. స్టర్జన్లలో ఏ జాతీ సముద్రంలో గుడ్లు పెట్టదు. కానీ చాలా జాతులు పుట్టిన నదిని వదిలి ఏళ్లతరబడి సముద్రంలో మేసి, మళ్లీ నది ఎక్కుతాయి. స్టెర్లెట్ అనే చిన్న స్టర్జన్, ఉత్తర అమెరికా సరస్సు స్టర్జన్ లాంటివి మాత్రం ఉప్పునీళ్ల జోలికి పోకుండా బతికేస్తాయి. ఒకే కుటుంబంలో ఇన్ని రకాల జీవితాలున్నప్పుడు ఒక్క పెంకును పట్టుకుని నీటి రుచి ఎలా చెబుతాం?

మరి మారలేదన్న మాట ఎంతవరకు నిజం? పైనుంచి చూస్తే ఆకారం పాతదే. మీసాలు, కిందికి తెరుచుకునే నోరు, పెంకులు అవే. కానీ 2013లో డేనియల్ రబోస్కీ బృందం కిరణరెక్కల చేపలన్నింటినీ పోల్చి చూసినప్పుడు, ఒంటి పరిమాణం మారే వేగంలో స్టర్జన్లు ముందువరుసలో నిలిచాయి. మరుగుజ్జు జాతుల నుంచి 7 మీటర్లు దాటగల బెలూగా స్టర్జన్ దాకా ఒకే కుటుంబంలో ఉన్నాయి. లోపల ఇంకా గందరగోళం. స్టెర్లెట్‌కు సుమారు 120 క్రోమోజోములుంటే, రష్యన్ స్టర్జన్‌కు దాదాపు 250, పొట్టిముక్కు స్టర్జన్‌కు 360 పైన. జన్యురాశి మొత్తం రెట్టింపయ్యే ఘటన ఈ వంశంలో ఒకటికి మించి జరిగింది. మొదటిది స్టర్జన్, పాడిల్‌ఫిష్ విడిపోకముందే జరిగిందని 2023లో వచ్చిన పరిశోధన వాదించింది. అంత కాలం కిందట విడిపోయినా 2020లో హంగరీ పరిశోధకులు అనుకోకుండా ఈ రెండింటినీ కలిపి పిల్లలను పుట్టించారు. అమెరికా పాడిల్‌ఫిష్ వీర్యాన్ని రష్యన్ స్టర్జన్ గుడ్లతో కలిపితే ఫలదీకరణ జరగదనే ధీమాతో, పోలిక కోసం పెట్టిన ప్రయోగమది. పిల్లలు వందల్లో బతికాయి. చేపల పెంపకంలో ఇది ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే సంగతి, ఇక్కడ దానిలోకి పోను.

పాడిల్‌ఫిష్‌నే తీసుకోండి. అమెరికా జాతి నోరు తెరుచుకుని ఈదుతూ నీళ్లలోని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. ఇదే పాత అలవాటని అనిపిస్తుంది. కానీ వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ సరస్సు పొరల్లో, సుమారు 5.2 కోట్ల ఏళ్ల నాటి క్రాసోఫోలిస్ అనే పాడిల్‌ఫిష్ చేపలను వేటాడేది. చైనాలోని యాంగ్‌జీ నది పాడిల్‌ఫిష్ కూడా అంతే, అది ఇప్పుడు లేదు. 2022లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించినట్టు ప్రకటించింది. మిగిలిన స్టర్జన్లు, పాడిల్‌ఫిష్ అన్నీ ప్రమాదంలో ఉన్నాయని అదే ప్రకటనలో ఉంది. వడపోత అలవాటు తర్వాత వచ్చింది, మిగిలింది మాత్రం అదే. బతికున్నదాన్నే మూలమనుకునే పొరపాటు ఇక్కడ కూడా పొంచి ఉంది.

ఇక చేపల పుట్టుక. దీనిమీద 20వ శతాబ్దంలో పెద్ద వాదమే నడిచింది. 1935లో అమెరికా పరిశోధకులు ఆల్ఫ్రెడ్ రోమర్, బ్రాండన్ గ్రోవ్ తొలి వెన్నెముక జీవులు నదుల్లోనే పుట్టాయని వాదించారు. కొలరాడోలోని హార్డింగ్ ఇసుకరాయిలో, ఆర్డోవిసియన్ యుగం (సుమారు 48.5 నుంచి 44.5 కోట్ల ఏళ్ల కిందట) నాటి చేప కవచాల ముక్కలు దొరుకుతాయి. 1892లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త వాల్కాట్ వాటిని వర్ణించాడు. అవన్నీ అరిగిపోయిన ముక్కలు కాబట్టి నది నుంచి సముద్రానికి కొట్టుకొచ్చాయన్నది రోమర్ వాదన. అదే రోజుల్లో శరీరధర్మ శాస్త్రవేత్త హోమర్ స్మిత్ మూత్రపిండాన్ని సాక్షిగా నిలబెట్టాడు. మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే గుచ్ఛాలు ఒంట్లోకి చొరబడే మంచినీళ్లను తోడిపోయడానికే పుట్టాయి కాబట్టి, వాటిని కనిపెట్టినవాడు మంచినీళ్లవాడే అయ్యుండాలన్నాడు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ దవడల్లేని, పాములాంటి హాగ్‌ఫిష్ అనే చేపకు ఆ గుచ్ఛాలున్నాయి. అది జీవితంలో ఎప్పుడూ సముద్రం దాటదు, దాని రక్తం సముద్రమంత ఉప్పగా ఉంటుంది. తోడిపోయాల్సిన నీళ్లే లేనిచోట ఆ పంపు ఉందంటే, దాని పుట్టుకకు వేరే కారణముండాలి. ఈ ఒక్క జీవితోనే స్మిత్ వాదనకు బలం పోయిందని నా అభిప్రాయం.

శిలాజాలు కూడా అటే మొగ్గాయి. చైనాలోని చెంగ్‌జియాంగ్ పొరల్లో సుమారు 51.8 కోట్ల ఏళ్ల నాటి హైకోవిక్థిస్, మిలోకున్మింజియా సముద్రపు జీవులే. ఆస్ట్రేలియాలో ఆరండాస్పిస్, బొలీవియాలో సకబంబాస్పిస్ ముక్కలుగా కాక ఆకారంతో సహా దొరికాయి. అవి సముద్ర తీరపు లోతులేని ఇసుకలో, సముద్ర జీవులతో కలిసి ఉన్నాయి. నదిలోంచి కొట్టుకొచ్చాయనడానికి ఇక వీలు లేదు. 2018లో లారెన్ సాలన్ బృందం ఆర్డోవిసియన్ నుంచి డివోనియన్ దాకా తొలి చేపలు దొరికిన చోట్లన్నీ పోగుచేసి చూసింది. కొత్త వంశాలు పదేపదే తీరానికి ఆనుకున్న లోతులేని నీళ్లలోనే మొదలయ్యాయి. అక్కడి నుంచి కొన్ని లోతుకు పోయాయి, కొన్ని నదుల్లోకి ఎక్కాయి.

అంటే మంచినీళ్లలోకి ప్రవేశం ఒక్కసారి జరిగిన ఘట్టం కాదు. దవడల్లేని కవచపు చేపలు సైలూరియన్, డివోనియన్ కాలాల్లో (సుమారు 44 నుంచి 36 కోట్ల ఏళ్ల కిందట) ఎక్కాయి. దవడలున్న కవచపు చేపలైన ప్లాకోడెర్మ్‌లు, కండరెక్కల చేపలు (ఊపిరితిత్తుల చేపలు, సీలకాంత్ ఉన్న వర్గం), కిరణరెక్కల చేపలు వేర్వేరుగా ఎక్కాయి. స్టర్జన్ వంశం ఎప్పుడో డైనోసార్ల కాలమైన మధ్యజీవ మహాయుగంలో ఎక్కింది. కార్పులు, వాలుగలు ఉన్న వంశం, అంటే నేటి మంచినీటి చేపల్లో మూడింట రెండొంతుల జాతులున్నది, ఇంకా తర్వాతి కథ. ఊపిరితిత్తుల చేపలు నేడు మంచినీళ్లవే అయినా ఆస్ట్రేలియాలోని గోగో దగ్గర, డివోనియన్ పగడపు దిబ్బల మధ్య వాటి బంధువులు ఎన్నో దొరికాయి. సీలకాంత్ దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 1938లో దొరికిన లాటిమేరియా లోతు సముద్రపు చేప. దాని క్రెటేషియస్ బంధువు మాసోనియా బ్రెజిల్, ఆఫ్రికా నదుల్లో, ఉప్పుకలిసిన ముఖద్వారాల్లో తిరిగేది.

డివోనియన్ నాటి మంచినీటి చేపలను చూడాలంటే స్టర్జన్ కన్నా మంచి కిటికీ స్కాట్లండ్‌లో ఉంది. కెయిత్‌నెస్‌లోని అకనరస్ రాతిగని ఒకప్పటి ఆర్కేడియన్ సరస్సు అడుగు, సుమారు 39 కోట్ల ఏళ్ల నాటిది. ఏటేటా పేరుకున్న సన్నటి బురద పొరల్లో డిప్టెరస్ అనే ఊపిరితిత్తుల చేప, కొకోస్టియస్ అనే కవచపు వేటగాడు, చిన్నచిన్న పెంకు చేతుల టెరిక్థియోడెస్, మన కైరోలెపిస్ పక్కపక్కనే ఉన్నాయి. వీటిలో స్టర్జన్‌ను పోలినది ఒక్కటీ లేదు. ఆస్ట్రేలియాలోని కానోవిండ్రాలో, ఎండిపోయిన గుంటలో చచ్చిన చేపలు వేలల్లో ఒకే రాతి పొరలో కిక్కిరిసి ఉన్నాయి. ఆ రెండూ మంచినీళ్లవేనని నిబ్బరంగా అనగలం. క్యుబెక్‌లోని మిగ్వాషా గురించి అలా అనలేం. ఒకప్పుడు దాన్ని సరస్సు అన్నారు, తర్వాత నదీముఖమని మార్చారు, అదే చేపలు, అదే రాళ్లు.

ఇలాంటివి తేల్చేటప్పుడు నేను చేప కన్నా ముందు దాని చుట్టూ ఏముందో చూస్తాను. పగడాలు, నక్షత్రచేపల బంధువులు, అమ్మోనైట్లు ఒక్కటీ లేకపోవడం మంచినీళ్లకు బలమైన సూచన, ఎందుకంటే అవి ఉప్పులేని నీళ్లను భరించలేవు. మట్టి ఎండి పగిలిన గుర్తులు, మొక్కల వేళ్లు, సరస్సుల్లో ఏర్పడే సన్నటి జంట పొరలు ఉంటే ఇంకా మంచిది. ఎముకలోని స్ట్రాన్షియం ఐసోటోపులను (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులు; నదిలో, సముద్రంలో వీటి పాళ్లు వేరు) చూడమని చాలామంది సలహా ఇస్తారు. బతికున్న స్టర్జన్‌లో అది అద్భుతంగా పనిచేస్తుంది. ముందు రెక్క ముల్లును అడ్డంగా కోసి పొర పొరకూ స్ట్రాన్షియం కొలిస్తే, ఆ చేప ఏ ఏట సముద్రానికి వెళ్లి ఏ ఏట తిరిగొచ్చిందో కనిపిస్తుంది. కానీ శిలాజ ఎముక భూగర్భజలాల నుంచి రసాయనాలను పీల్చుకుంటుంది. గట్టి ఎనామెల్ పూత ఉన్న పళ్లు, పొలుసులైతే కొంత నమ్మవచ్చు. ఎదిగిన స్టర్జన్‌కు పళ్లుండవు, పెంకుమీద అలాంటి పూతా దాదాపు లేదు. అందుకే స్టర్జన్ శిలాజం మీద అలాంటి లెక్కలు చూసినప్పుడు, ఎముక మారిపోలేదని వాళ్లు ముందు ఎలా రుజువు చేశారో వెతుకుతాను.

పాత వంశాలు మంచినీళ్లలోనే ఎందుకు మిగిలాయన్న ప్రశ్నను మీరు అడగలేదు కానీ అది వదిలేస్తే జవాబు కుంటుతుంది. 1859లో డార్విన్ దీన్ని గమనించాడు. మంచినీటి నెలవులన్నీ కలిపినా సముద్రంతో పోలిస్తే చిన్నవి, అక్కడ పోటీ తక్కువగా ఉండేది, కాబట్టి పాతవి మిగిలాయని ఆయన ఊహ. సగం ఒప్పుకుంటాను. చిన్నవే, భూమి ఉపరితలంలో నదులూ సరస్సులూ ఒక శాతానికి మించవు. కానీ దాదాపు సగం చేపజాతులు అక్కడే ఉన్నాయి కాబట్టి పోటీ తక్కువన్న మాట ఈరోజు నిలబడదు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది మరో కారణం. హెల్ క్రీక్ పొరల్లో గ్రహశకలానికి ముందూ తర్వాతా పోల్చిచూస్తే, నేలమీది జంతువుల కన్నా నదిలోని జంతువులు చాలా మెరుగ్గా బయటపడ్డాయి. ఆకాశం మసకబారి మొక్కలు, సముద్రపు నాచు ఆగిపోయినా, నది అడుగున కుళ్లుతున్న ఆకులూ కొమ్మలూ పురుగులను కొన్నాళ్లు పోషించగలవు. ఆ పురుగులను బురదలోంచి పీల్చుకుని తినే చేపే స్టర్జన్. కాండ్రోస్టియస్ లాంటి దాని సముద్రపు బంధువులు మాత్రం అంతకు చాలా ముందే, జురాసిక్ తర్వాత కనిపించకుండా పోయారు, కాబట్టి ఈ కారణం కథ మొత్తానికీ సరిపోదు.

మీరు చెప్పిన విడి పెంకు విషయానికొస్తే, దాన్నిబట్టి నది అని రాయకండి. ఆ పొరలో ఇంకేం దొరికాయో చూడండి. పెంకు అంచులు పదునుగా ఉన్నాయా, దొర్లి గుండ్రబడ్డాయా గమనించండి. దొర్లి ఉంటే అది ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు. పదునుగా ఉండి, పక్కనే మరికొన్ని పెంకులు వరుస తప్పకుండా ఉంటే చేప అక్కడే కుళ్లిందని చెప్పవచ్చు. అప్పుడు కూడా జాతి పేరు జోలికి పోకుండా స్టర్జన్ కుటుంబం అని ఆపేయడం మంచిది.